ఆ జన్యువు నోరు మూయిస్తే... గుండె కోలుకుంటుంది!

గుండెపోటు వచ్చింది. సమయానికి ఆసుపత్రికి చేరారు. స్టెంటు వేశారు. ప్రాణం దక్కింది. కానీ గుండెలో చచ్చుబడిన కండ మాత్రం తిరిగి రాలేదు. 'పోయిన కండ పోయినట్టే, ఉన్నదాన్ని కాపాడుకోండి'... వైద్యులు దశాబ్దాలుగా చెబుతున్న మాట ఇది. ఆ మాటను అబద్ధం చేయడానికి శాస్త్రవేత్తలు ఓ చిత్రమైన దారి పట్టారు. గుండెకు కొత్తగా ఏదో ఇవ్వడం కాదు... దాన్ని పెరగనివ్వకుండా అడ్డుపడుతున్న ఓ జన్యువు నోరు మూయించడం! పందుల్లో అది పనిచేసింది. మరి మనుషుల్లో?

గుండెపోటు వచ్చి తగ్గినవాళ్ళ చేతిలో తప్పకుండా ఉండే కాగితం ఎకో రిపోర్టు. అందులో డాక్టర్లు ముందుగా వెతికే అంకె ఒకటుంటుంది. పేరు ఎజెక్షన్ ఫ్రాక్షన్. మన మామూలు భాషలో గుండె పంపింగ్. గుండె ఒకసారి ముడుచుకున్నప్పుడు ఎడమ జఠరికలో ఉన్న రక్తంలో ఎంత శాతాన్ని బయటికి నెడుతోందన్న లెక్క అది. ఎంత ఆరోగ్యంగా ఉన్న గుండైనా నూటికి నూరు శాతం నెట్టదు. 50 నుంచి 70 మధ్య ఉంటే బాగున్నట్టే. పెద్ద గుండెపోటు వచ్చినవాళ్ళలో అది 40కో 30కో, ఒక్కోసారి అంతకన్నా కిందికో పడిపోతుంది. అప్పటిదాకా పొలం గట్ల మీద చకచకా నడిచిన మనిషికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సాయంత్రానికి పాదాలు వాపు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. రెండు దిండ్లు ఎత్తు పెట్టుకోవాల్సిందే.

ఎందుకిలా? రక్తనాళం మూసుకుపోయినప్పుడు దాని వెనకున్న కండకు ప్రాణవాయువు అందదు. ఇరవై నిమిషాలు దాటితే కణాలు చనిపోవడం మొదలవుతుంది. గంటలు గడిచేకొద్దీ ఆ నష్టం లోపలి పొర నుంచి బయటికి పాకుతుంది. మనిషి ఎడమ జఠరికలో సుమారు 200 నుంచి 400 కోట్ల కండర కణాలుంటాయని అంచనా. పెద్ద గుండెపోటులో కొద్ది గంటల్లోనే వంద కోట్ల దాకా పోవచ్చు. చర్మం తెగితే కొత్త చర్మం వస్తుంది. కాలేయాన్ని కొంత కోసి తీసేసినా మళ్ళీ పెరుగుతుంది. గుండెలో అలా జరగదు. పోయిన కండ స్థానంలో గట్టి పీచులాంటి మచ్చ ఏర్పడుతుంది. మచ్చ మంచిదే. అది లేకపోతే బలహీనపడిన గోడ చిరిగిపోతుంది. కానీ మచ్చ ముడుచుకోదు, సాగదు, కొట్టుకోదు. దాని వంతు పని కూడా మిగిలిన కండే చేయాలి. నలుగురు మోసే బరువును ముగ్గురు మోస్తే ఏమవుతుంది? కొన్నాళ్ళకు ఆ ముగ్గురూ అలసిపోతారు. గుండె కూడా అంతే. గోడలు పలచబడి, ఉబ్బి, ఆకారమే మారిపోతుంది. అదే హార్ట్ ఫెయిల్యూర్.

ఇప్పుడున్న మందులు తక్కువవేమీ కాదు. రక్తనాళాల మీద ఒత్తిడి తగ్గించేవి, గుండె వేగాన్ని అదుపు చేసేవి, ఒంట్లో చేరిన నీరు తీసేవి... ఇవన్నీ కలిసి ఎందరినో ఏళ్ళ తరబడి బతికిస్తున్నాయి. అయితే అవి చేసేది ఉన్న కండ మీద భారం తగ్గించడం. పోయిన కండను తిరిగి తేవడం వాటి పని కాదు.

బాంబులు చెప్పిన రహస్యం

గుండె కణాలు అసలు పుట్టనే పుట్టవా? చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పింది అదే. పుట్టినప్పుడు ఎన్ని ఉంటే జీవితాంతం అన్నే అని. ఆ నమ్మకాన్ని 2009లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు మార్చేశారు. వాళ్ళకు సాయపడింది ఏమిటో తెలుసా? అణుబాంబులు!

1955 నుంచి 1963 దాకా అగ్రరాజ్యాలు బహిరంగంగా అణుబాంబులు పేల్చి చూసుకున్నాయి. దాంతో గాలిలో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగిపోయింది. ఆ పరీక్షలు ఆగాక క్రమంగా తగ్గుతూ వచ్చింది. అది మొక్కల్లోకి, మొక్కల నుంచి తిండిలోకి, తిండి నుంచి మన కణాల డీఎన్ఏలోకి చేరింది. కాబట్టి ఓ కణం డీఎన్ఏలో ఎంత కార్బన్-14 ఉందో చూస్తే అది ఏ ఏడాది పుట్టిందో చెప్పొచ్చు. పుట్టినతేదీ సర్టిఫికెట్టులాంటిదన్నమాట. యోనాస్ ఫ్రీసెన్ బృందం ఈ కిటుకుతో గుండె కణాల వయసు లెక్కగట్టింది. పాతికేళ్ళ వయసులో ఏడాదికి ఒక శాతం గుండె కండర కణాలు కొత్తగా వస్తున్నాయి. 75 ఏళ్ళకు అది 0.45 శాతానికి పడిపోతోంది. అంటే గుండెకు పునరుజ్జీవన శక్తి ఉంది. కాకపోతే నత్తనడక. ఒక్క పూటలో వంద కోట్ల కణాలు పోతే ఆ వేగం ఏ మూలకు?

అన్ని జీవులదీ ఈ కథ కాదు. అక్వేరియాల్లో తిరిగే చారల జీబ్రా చేపనే తీసుకోండి. దాని జఠరికలో అయిదో వంతు కోసేసినా రెండు నెలల్లో మళ్ళీ కండ పెంచేసుకుంటుందని 2002లో తేలింది. 2011లో అమెరికాలోని డాలస్ శాస్త్రవేత్తలు మరో వింత కనిపెట్టారు. పుట్టిన ఒక రోజుకు ఎలుకపిల్ల గుండె కొసను కొద్దిగా తొలగిస్తే మూడు వారాల్లో మచ్చ లేకుండా పూడిపోయింది. అదే పని ఏడో రోజున చేస్తే? మచ్చ మిగిలింది. ఆ వారం రోజుల్లో ఏదో జరుగుతోంది. పెరిగే శక్తి లేకపోవడం కాదు, ఎవరో బ్రేకు వేస్తున్నారు!

ఈగ తల, నీటిగుర్రం పేరు

ఆ బ్రేకు జాడ దొరికింది గుండెలో కాదు, పండ్ల మీద వాలే చిన్న ఈగలో. ఒక జీవి శరీరంలో ఏ అవయవం ఎంత పెరగాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఎవరు నిర్ణయిస్తారు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ శాస్త్రవేత్తలు ఈగల జన్యువులను ఒక్కొక్కటిగా చెడగొట్టి చూశారు. 2002లో ఓ జన్యువు దొరికింది. అది చెడిపోతే కణాలు ఆగకుండా పెరిగి కణజాలం ముడతలు పడుతోంది. ఓ బృందం దానికి సాల్వడార్ అని పేరు పెట్టింది. ఇంకో బృందం, ఒళ్ళంతా ముడతలుండే చైనా కుక్కజాతి గుర్తొచ్చి షార్‌పీ అంది. మరుసటి ఏడాది దానికి జతగా పనిచేసే మరో జన్యువు బయటపడింది. అది చెడిన ఈగ తల ఉబ్బి, ముడతలు పడి నీటిగుర్రాన్ని తలపించింది. దాంతో హిప్పో అన్న పేరు ఖాయమైంది. ఇప్పుడు ఆ జట్టు మొత్తాన్నీ హిప్పో మార్గం అంటున్నారు. ఈగల్లోనే కాదు, ఎలుకల్లో, పందుల్లో, మనుషుల్లోనూ ఇది ఉంది.

ఈ జట్టు చేసే పని తేలిగ్గానే అర్థమవుతుంది. కణంలో యాప్ అనే ప్రొటీన్ ఒకటుంది. అది కేంద్రకంలోకి వెళితే 'విభజన మొదలుపెట్టండి' అని పెరుగుదల జన్యువులను తట్టిలేపుతుంది. హిప్పో జట్టు దాన్ని గుమ్మం దగ్గరే నిలేసి లోపలికి పోనివ్వదు. ఆ కాపలాదారులందరినీ ఒకచోటికి చేర్చి పని చేయించేది సాల్వడార్. పుట్టిన కొత్తలో కాస్త చూసీచూడనట్టుండే ఈ కాపలా తర్వాత కట్టుదిట్టమవుతుంది. ఒకవిధంగా అది మన మంచికే. కణాలు ఇష్టమొచ్చినట్టు పెరిగితే దాన్నే క్యాన్సర్ అంటాం. అయితే గుండెపోటు తర్వాత కూడా కాపలా సడలకపోవడమే చిక్కు.

అమెరికాలోని హ్యూస్టన్‌లో బేలర్ వైద్య కళాశాల, టెక్సస్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్‌లలో పనిచేసే జేమ్స్ మార్టిన్ ఈ చిక్కుముడి మీద ఏళ్ళ తరబడి కూర్చున్నారు. సాల్వడార్ లేకుండా పెరిగిన ఎలుక పిండాల్లో గుండె మామూలుకన్నా బాగా పెద్దదవుతోందని ఆయన బృందం 2011లో చూపించింది. ఉన్న కణాలు ఉబ్బడం వల్ల కాదు, కణాల సంఖ్య పెరగడం వల్ల. 2017లో ఇంకో అడుగు ముందుకేసింది. గుండెపోటు తెప్పించి, పంపింగ్ బాగా పడిపోయి, హార్ట్ ఫెయిల్యూర్ మొదలయ్యాక ఎలుకల గుండెలో సాల్వడార్ జన్యువును తీసేశారు. ఆరు వారాల్లో పంపింగ్ ఆరోగ్యంగా ఉన్న ఎలుకల స్థాయికి వచ్చింది!

బాగానే ఉంది. కానీ ఆ ఎలుకలు ప్రయోగశాలలో ముందే జన్యువులు మార్చి పుట్టించినవి. మనిషి గుండెలోంచి జన్యువును అలా పీకేయలేం కదా. పీకేయకుండా దాని నోరు మాత్రం మూయించగలిగితే?

పువ్వు తెల్లబోయింది!

జన్యువు నోరు మూయించే విద్య ఉందన్న సంగతి మొదట తెలిసింది ఓ పూలమొక్క వల్ల. 1990లో కాలిఫోర్నియాలో రిచర్డ్ జోర్గెన్‌సన్ అనే శాస్త్రవేత్త పెటూనియా పూలకు మరింత ముదురు ఊదారంగు తెప్పించాలనుకున్నారు. రంగు తయారుచేసే జన్యువును అదనంగా ఎక్కించారు. పువ్వులు విచ్చుకున్నాక చూస్తే కొన్ని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కొన్నింట్లో తెల్ల చారలు. ఎక్కించిన జన్యువు పనిచేయకపోగా, మొక్కలో ముందునుంచీ ఉన్న జన్యువు కూడా మూగబోయింది.

ఈ పొడుపుకథ 1998లో వీడింది. ఆండ్రూ ఫైర్, క్రేగ్ మెలో అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగు మీద ప్రయోగాలు చేశారు. దాని కండరానికి సంబంధించిన ఓ జన్యువుకు సరిపోలే ఆర్‌ఎన్ఏను రెండు పోగులుగా పెనవేసి లోపలికి పంపారు. వెంటనే పురుగులు... ఆ జన్యువు లేని పురుగుల్లాగే ఎగిరెగిరి పడ్డాయి. రెండు పోగుల ఆర్‌ఎన్ఏ కనిపిస్తే చాలు, కణం దానికి సరిపోలే జన్యువు సందేశాలన్నింటినీ ముక్కలు చేసేస్తుందని రుజువైంది. 2001లో జర్మనీలో టామస్ టుషల్ బృందం మనుషుల కణాల్లోనూ ఇది పనిచేస్తుందని చూపించింది. కేవలం 21 అక్షరాల చిట్టి ఆర్‌ఎన్ఏ చాలంది. ఫైర్, మెలోలకు 2006లో నోబెల్ బహుమతి వచ్చింది. కనిపెట్టిన ఎనిమిదేళ్ళకే!

ఇదెలా పనిచేస్తుందో తెలియాలంటే రిజిస్ట్రారు ఆఫీసును గుర్తు చేసుకుంటే చాలు. అసలు రికార్డు లోపలి బీరువాలో భద్రంగా ఉంటుంది. బయటికిచ్చేది నకలు. ఆ నకలు పట్టుకునే పనులన్నీ జరుగుతాయి. కణంలో డీఎన్ఏ అసలు రికార్డు. అందులోంచి వచ్చే సందేశవాహక ఆర్‌ఎన్ఏ నకలు. దాన్ని చూసే కణం ప్రొటీన్ తయారుచేస్తుంది. జన్యువు నోరు మూయించడమంటే బీరువా జోలికి పోకుండా, బయటికొచ్చిన నకళ్ళను ఎప్పటికప్పుడు చింపేయడం. రికార్డు అలాగే ఉంటుంది. ప్రొటీన్ మాత్రం తయారు కాదు. పైగా 21 అక్షరాలూ కలవాలి కాబట్టి కావాల్సిన నకలునే ఎంచి చింపొచ్చు.

పందుల గుండెలో కొత్త కండ

ఈ రెండు కథలూ హ్యూస్టన్‌లో ఒకచోట కలిశాయి. ఎలుక గుండె నిమిషానికి అయిదారు వందలసార్లు కొట్టుకుంటుంది. పరిమాణంలో గింజంత. పంది గుండె అలాకాదు. పరిమాణంలో, రక్తనాళాల అమరికలో మనిషి గుండెకు బాగా దగ్గర. అందుకే మార్టిన్ బృందం పందులను ఎంచుకుంది. ఆ ఫలితాలు 2021లో వెలువడ్డాయి.

ముందు బెలూన్‌తో పంది గుండె రక్తనాళాన్ని 90 నిమిషాలు మూసి, తర్వాత తెరిచారు. ఆసుపత్రికి ఆలస్యంగా చేరి, యాంజియోప్లాస్టీ చేయించుకున్న రోగి పరిస్థితి లాంటిదే ఇది. రెండు వారాలు ఆగారు. అప్పుడు కెథటర్ అనే సన్నటి గొట్టం ద్వారా గుండె లోపలికి వెళ్ళి, మచ్చ అంచున బతికి ఉన్న కండలో మందును ఇంజెక్షన్‌గా ఇచ్చారు. ఛాతీ కోయలేదు. ఆ మందు... ఏఏవీ9 అనే వైరస్. ఇది మనుషులకు జబ్బు చేయదు. గుండె కణాల్లోకి మాత్రం చక్కగా దూరుతుంది. దాని సొంత సరంజామా తీసేసి, సాల్వడార్ నకళ్ళను చింపేసే ఆర్‌ఎన్ఏకు సంబంధించిన సూచనలు నింపారు. ఒకరకంగా కొరియర్ లాంటిదన్నమాట.

ఇంజెక్షన్ ఇచ్చిన మూడు నెలల తర్వాత కొలిచి చూశారు. మందు లేకుండా ఉత్త వైరస్ తీసుకున్న పందులతో పోలిస్తే చికిత్స పొందిన వాటిలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 14.3 శాతం మెరుగ్గా ఉంది. మచ్చ చిన్నదయింది. గుండె కణాలు విభజన చెందిన ఆనవాళ్ళు కనిపించాయి. వాటికి రక్తం అందించే సూక్ష్మనాళాలూ పెరిగాయి. చికిత్స వల్ల ఒక్క పందీ చనిపోలేదు. కాలేయం, ఊపిరితిత్తులు పరీక్షిస్తే కణితుల జాడ లేదు.

ఆ 14 శాతం పెద్ద లెక్కా అనిపించొచ్చు. మంచానికే పరిమితమైన మనిషి లేచి తన పనులు తాను చేసుకోవడానికీ, చేసుకోలేకపోవడానికీ మధ్య తేడా ఒక్కోసారి అంతకంటే తక్కువే ఉంటుంది. ఈ చికిత్సను మనుషుల దాకా తీసుకెళ్ళాలన్న లక్ష్యంతో మార్టిన్ భాగస్వామిగా యాప్ థెరప్యూటిక్స్ అనే సంస్థ కూడా మొదలైంది.

బ్రేకు తీస్తే బండి ఆగేదెలా?

ఉత్సాహపడేముందు ఇంకో పందుల కథ కూడా వినాలి. దాన్ని 2019లో లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన మావ్రో జక్కా, ఇటలీ శాస్త్రవేత్తలతో కలిసి చేశారు. వాళ్ళ దారి కొంచెం వేరు. మైక్రో ఆర్‌ఎన్ఏలని మన కణాల్లోనే సహజంగా ఉండే చిట్టి ఆర్‌ఎన్ఏలు కొన్ని ఉంటాయి. ఒక్కోటి చాలా జన్యువుల నోళ్ళు ఒకేసారి నొక్కుతుంది. అందులో 199ఏ అనేదాన్ని వైరస్‌లో పెట్టి గుండెపోటు వచ్చిన పందులకు ఇచ్చారు. నెల తిరిగేసరికి అద్భుతం! మచ్చ తగ్గింది, కండ పెరిగింది, పంపింగ్ మెరుగైంది. కానీ వైరస్ ఆగలేదు. ఆర్‌ఎన్ఏను తయారుచేస్తూనే పోయింది. సరిగా ఎదగని కణాలు గుండెలో గుంపులు కట్టాయి. లయ తప్పింది. చికిత్స తీసుకున్న పందుల్లో ఎక్కువ భాగం ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోయాయి.

ఈ రంగానికి అది పెద్ద పాఠం. గుండెను పెరగమనడం ఒక ఎత్తు, ఇక చాలు అనడం ఇంకో ఎత్తు. విభజన చెందుతున్న గుండె కణం కొంతసేపు తన ముడుచుకునే పని మానుకోవాలి. అన్ని కణాలూ ఒకేసారి ఆ పనిలో పడితే లయ తప్పుతుంది. హ్యూస్టన్ ప్రయోగంలో మందును మచ్చ అంచుకే పరిమితం చేయడానికి ఒక కారణం అదే. అయినా మూడు నెలలు వేరు, మనిషి బతికే ముప్ఫై ఏళ్ళు వేరు. వైరస్‌తో మరో ఇబ్బందీ ఉంది. ఇలాంటి వైరస్‌లు చాలామందికి ఎప్పుడో సోకి వెళ్ళిపోయి ఉంటాయి. వాళ్ళ ఒంట్లో యాంటీబాడీలు సిద్ధంగా ఉంటాయి కాబట్టి మందు గుండెకు చేరకముందే దాన్ని అడ్డుకోవచ్చు. ఒకసారి ఇచ్చాక రెండోసారి ఇవ్వడం కష్టమూ అందుకే.

మంట ఆర్పే దారి... సూదిమందు దారి

వైరస్ లేకుండా ఈ పని చేయలేమా? చేయొచ్చంటున్నాయి వేరే బృందాలు. కండను పెంచడం కాదు, అసలు నష్టాన్నే తగ్గించాలన్నది వాళ్ళ ఆలోచన.

గుండెపోటు వచ్చిన కొన్ని గంటల్లోనే తెల్లరక్తకణాల్లో ఒక రకం గుంపులు గుంపులుగా గుండె మీదికి పరిగెడతాయి. శుభ్రం చేయడానికే వస్తాయి కానీ, అతిగా వచ్చి బతికున్న కండనూ పాడుచేస్తాయి. వాటికి దారి చూపించే ప్రొటీన్ పేరు సీసీఆర్2. దాని జన్యువు నోరు నొక్కే చిట్టి ఆర్‌ఎన్ఏను సన్నటి కొవ్వు బుడగల్లో పెట్టి రక్తంలోకి వదిలారు మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి, ఎంఐటీ శాస్త్రవేత్తలు. 2011లో ఎలుకల మీద చేసిన ఆ ప్రయోగంలో గుండెలో చచ్చుబడిన ప్రాంతం తగ్గింది. 2016లో రక్తనాళాల లోపలి పొర మీద ఆ కణాలు అతుక్కోవడానికి ఉపయోగపడే అయిదు ప్రొటీన్ల నోళ్ళు ఒకేసారి మూయించారు. అలాంటి కొవ్వు బుడగలు మనకు కొత్తేమీ కాదు. కొవిడ్ సమయంలో విదేశాల్లో ఇచ్చిన ఎంఆర్‌ఎన్ఏ టీకాలు ఒంట్లోకి వెళ్ళింది ఆ తరహా బుడగల్లోనే.

జర్మనీలోని హానోవర్‌లో టామస్ టూమ్ బృందం ఎంచుకున్న లక్ష్యం మైక్రో ఆర్‌ఎన్ఏ-132. గుండె మీద భారం పెరిగినప్పుడు ఇది ఎక్కువై కణాలను ఉబ్బిస్తుందనీ, వాటి లోపలి చెత్త శుభ్రం కాకుండా అడ్డుకుంటుందనీ వాళ్ళు 2012లో గుర్తించారు. దానికి అతుక్కుని పనిచేయనివ్వని మందు తయారుచేశారు. వైరస్ అక్కర్లేదు, రక్తనాళంలోకి ఎక్కిస్తే చాలు. గుండె బలహీనపడిన 28 మందితో మనుషుల మీద తొలి పరీక్ష జరిగింది. మందు సురక్షితమేనని 2021లో ప్రకటించారు. తర్వాత, ఈమధ్యే గుండెపోటు వచ్చి పంపింగ్ తగ్గిన దాదాపు 300 మందితో రెండో దశ చేపట్టారు. 2024లో డెన్మార్క్ మందుల దిగ్గజం నోవో నార్డిస్క్ ఆ సంస్థను వంద కోట్ల యూరోల దాకా ఇచ్చేందుకు ఒప్పుకుని కొనేసింది. అయినా ఒక మాట. గుండెపోటు తర్వాత గుండె కండను బాగుచేసే ఇలాంటి మందు ఏదీ ఇంకా ఆమోదం పొందలేదు.

కాలేయంలో ఇప్పటికే...

చిత్రమేంటంటే జన్యువు నోరు మూయించే మందులు వేరే జబ్బులకు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. గుండెకు కూడా. కాకపోతే అవి పనిచేసేది కాలేయంలో! రక్తంలోకి వెళ్ళిన ఏ మందునైనా కాలేయం వడపోసి పట్టేసుకుంటుంది. గుండెకు చేర్చాలంటే అదే ఇబ్బంది, కాలేయానికి చేర్చాలంటే అదే సౌలభ్యం. ఈ తరహాలో మొట్టమొదటి మందు పాటిసిరాన్‌కు అమెరికా 2018లో అనుమతిచ్చింది. నరాలను దెబ్బతీసే ఓ అరుదైన వంశపారంపర్య వ్యాధికి అది.

మరొకటి ఇన్‌క్లిసిరాన్. రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను లాక్కునే ద్వారాలు కాలేయం మీద ఉంటాయి. వాటిని పాడుచేసే పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ నోరు మూయిస్తుందీ మందు. మొదట ఒక ఇంజెక్షన్, మూడు నెలలకు రెండోది, ఆపైన ఆర్నెల్లకొకటి. చెడు కొలెస్ట్రాల్ దాదాపు సగానికి తగ్గుతుంది. ఐరోపాలో 2020లో, అమెరికాలో 2021లో దీనికి ఆమోదం లభించింది. ఇక ఉట్రిసిరాన్ మూడు నెలలకోసారి తీసుకునే ఇంజెక్షన్. ఒకరకం ప్రొటీన్ గుండె గోడల్లో పేరుకుని గట్టిపడే జబ్బుకు 2025లో అమెరికా దీన్ని అనుమతించింది. 655 మందితో జరిగిన పరీక్షలో మరణాలు, పదేపదే వచ్చే గుండె సమస్యలు కలిపి 28 శాతం తగ్గాయి. పెటూనియా పువ్వు తెల్లబోయిన రోజున ఇంతదూరం వస్తుందని ఎవరనుకున్నారు?

ధర మాటేమిటి?

గుండె కండను తిరిగి పెంచే చికిత్స వచ్చినా సామాన్యుడికి అందుతుందా అన్నది ఇంకో ప్రశ్న. వైరస్‌తో ఇచ్చే జన్యుచికిత్సల ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. చిన్నపిల్లల్లో కండరాల క్షీణతకు 2019లో అమెరికాలో వచ్చిన జోల్‌జెన్‌స్మా ధర 21 లక్షల డాలర్లకు పైనే. అది అరుదైన జబ్బు. గుండెపోటు అలా కాదు, వీధికొకరు. వైరస్‌ను గుండెకు సరిపోయేంత మోతాదులో, అంత శుద్ధంగా తయారుచేయడమే ఖర్చంతా. ఆర్‌ఎన్ఏ ఇంజెక్షన్ల దారి మీద చాలామంది ఆశలు పెట్టుకోవడానికి అదీ ఒక కారణం. వాటిని రసాయనికంగా తయారుచేయొచ్చు. మోతాదు తగ్గించొచ్చు, వద్దనుకుంటే ఆపేయొచ్చు.

మనకు ఈ పరిశోధన మరీ ముఖ్యం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తోంది. మిగతా దేశాలవాళ్ళకు దాదాపు 59. అంటే పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, ఇంటి అప్పు... అన్నీ నెత్తిమీద ఉన్న వయసులో. ఆ వయసులో పంపింగ్ 30కి పడిపోతే దెబ్బ తినేది ఒక్క గుండే కాదు, ఇల్లంతా. అలాంటివాళ్ళు ఇంకో పాతికేళ్ళు బతకాలి. ఉన్న కండను కాపాడుకుంటూ నెట్టుకురావడం కాకుండా, కొత్త కండతో బతకగలిగితే ఆ పాతికేళ్ళూ వేరుగా ఉంటాయి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నదేంటి?

కొత్త చికిత్సలు వచ్చేదాకా గుండె కండను కాపాడేది కాలమే. ఎంత త్వరగా రక్తనాళం తెరుచుకుంటే అంత కండ దక్కుతుంది.

* ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు నొప్పి, అది ఎడమచేతికో దవడకో వీపుకో పాకడం, చెమటలు పట్టడం, ఆయాసం, వికారం... వీటిలో ఏది వచ్చినా గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. మధుమేహం ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో, పెద్దవయసువాళ్ళలో నొప్పి అంతగా లేకుండా కూడా గుండెపోటు రావచ్చు.

* వెంటనే 108కి ఫోన్ చేయాలి. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్ళొద్దు. ఈసీజీ తీసే సౌకర్యం ఉన్న ఆసుపత్రికి చేరాలి.

* స్టెంటు వేశాక 'బాగానే ఉన్నాను కదా' అని మందులు ఆపేయకూడదు. గుండె ఆకారం మారకుండా చూసేవి అవే. ఆపాలన్నా మార్చాలన్నా డాక్టరే చెప్పాలి.

* గుండెపోటు వచ్చిన కొన్ని వారాలకు మళ్ళీ ఎకో తీయించి పంపింగ్ ఎంతుందో తెలుసుకోవాలి. ఆయాసం, కాళ్ళవాపు, నాలుగైదు రోజుల్లోనే బరువు పెరగడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

* పొగాకు, అధిక కొలెస్ట్రాల్, బీపీ, మధుమేహం, బొజ్జ, మానసిక ఒత్తిడి, పండ్లూ కూరగాయలూ తగినంత తినకపోవడం, వ్యాయామం లేకపోవడం, మద్యం... తొలి గుండెపోట్లలో నూటికి 90 వీటితోనే ముడిపడి ఉన్నాయని ఇంటర్‌హార్ట్ తేల్చింది. ఈ తొమ్మిదింటి నోళ్ళు మూయించడానికి ఏ వైరసూ అక్కర్లేదు!